నేటి వెలి

మన ముత్తాతల కాలమున సముద్రము దాటినవానికి వెలి. మన కాలమున సముద్రము దాటి తిరిగివచ్చినవానికి వెలి. మొదటి యాచారమును మూఢమని మనము నవ్వుదుము; రెండవదానిని మర్యాద యని పాటించుచున్నాము. ఈ రెంటికిని భేదము దిక్కులోనే గాని బుద్ధిలో లేదని చూపుటకే యీ వ్యాసము.

1888లో మోహనదాసు గాంధి న్యాయశాస్త్రము చదువుటకై లండనునకు బయలుదేరినప్పుడు బొంబాయిలోని ఆయన కులపెద్దలు సభ చేసి ఆయనను బహిష్కరించిరి. ఆ కాలపు సంస్కర్తలు సముద్రయాననిషేధముతో పోరాడినది విదేశములమీది మోజుచేత కాదు. విద్య యెక్కడ నున్న నక్కడికి పోవు స్వాతంత్ర్యము మనుష్యునకు ఉండవలెనని పోరాడిరి. పోవు స్వాతంత్ర్యములో తిరిగివచ్చు స్వాతంత్ర్యముకూడ చేరియున్నది గదా! మొదటి సగమును మనము గెలుచుకొంటిమి. రెండవ సగమును మన యిండ్లలోనే పోగొట్టుకొనుచున్నాము.

విషయమేమనగా, అమెరికాలో చదువు ముగించిన విదేశీ విద్యార్థికి అచ్చటి ప్రభుత్వము కొంతకాలము పని చేయుటకు అనుమతి నిచ్చును. దాని పూర్తి పేరు ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్. మన పిల్లల నోట అది ఓ.పి.టి. జూబిలీహిల్సు చెక్‌పోస్టు మొదలుకొని ఫిల్మ్‌నగరు వరకు ఏ యింటి ముందుగదిలో కూర్చున్నను ఈ మూడక్షరములు చెవిని బడును. నేను బడిపంతులను. పదవ తరగతి దాటకముందే పిల్లల తలిదండ్రులు నాయొద్దకు వచ్చి సలహా లడుగుచుందురు. పూర్వము వారు "మావానికి ఏ శాస్త్రమునందు అభిరుచి కలదండీ?" అని యడిగెడివారు. ఇప్పుడు "ఏది చదివినచో మూడేండ్ల పర్మిట్టు వచ్చునండీ?" అని యడుగుచున్నారు. విద్యార్థి యనగా విద్యను కోరువాడని సంస్కృతము చెప్పును. పర్మిట్టును కోరువానికి మన భాషలో ఇంకను పేరు పుట్టలేదు గాని, మనుష్యులు మాత్రము పుట్టియున్నారు.

ముందుగా ఆ పర్మిట్టు ఏమో, ఏమి కాదో తెలిసికొందము. మన గృహస్థులలో అనేకులు దానిని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టుచున్నారు గాని దాని షరతులను చదివినవారు మిక్కిలి తక్కువ. చదువు ముగించినవానికి మొదట 12 నెలల అనుమతి. విజ్ఞానము, సాంకేతికము, ఇంజనీరింగు, గణితము అను శాఖలవారికి అర్హత యున్నచో మరి 24 నెలలు. వెరసి 36 నెలలు. చేయు పని చదివిన శాస్త్రమునకు సంబంధించినదై యుండవలెను. మొదటి 12 నెలలలో ఉద్యోగము లేక గడుపదగిన దినములు మొత్తము 90. పొడిగింపుకాలముతో కలిపి 150. ఆ లెక్క మీరినచో విద్యార్థిహోదా చెడును. పొడిగింపు కావలెనన్న యజమాని ఈ-వెరిఫై అను ప్రభుత్వపు నమోదులో చేరినవాడై, శిక్షణప్రణాళికపై సంతకము చేయవలెను. గమనింపుడు: ఆ దేశము దీనికి పెట్టిన పేరు శిక్షణ. దానిని ఉద్యోగమనియు, ఉద్యోగమును నివాసమనియు, నివాసమును వంశోద్ధారణమనియు అర్థము చెప్పుకొన్నది మనము.

శిక్షణకాలము తీరిన పిమ్మట ఉండదలచినవాడు సాధారణముగా హెచ్ 1 బి వీసాకు పోవలెను. దాని వార్షికపరిమితి 65,000; అమెరికాలో పై పట్టా పొందినవారికై మరి 20,000. 2024 ఆర్థికసంవత్సరపు పరిమితికై 2023 మార్చిలో వచ్చిన నమోదులు 7,80,000కు మించినవి. ఒకే మనుష్యుని పేర పలువురు యజమానులచేత నమోదు చేయించుట అందులో పెక్కు కలదు. మరుసటి యేడు ఆ దారి మూసిరి. ఐనను వచ్చిన నమోదులు 4,70,000కు తగ్గలేదు. ఎన్నిక చీటీలమీద జరిగినది. 2025 సెప్టెంబరు 19వ తేదిని ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్ 1 బి అర్జీలకు 1,00,000 డాలర్ల రుసుము విధించుచు ప్రకటన చేసెను. అచ్చటనే యుండి విద్యార్థిహోదానుండి మారువారికి అది వర్తింపదని మరుసటి నెలలో వివరణ వచ్చినది. ఆ నడుమ గడచిన దినములలో మన యిండ్లలో ఎందరికి నిద్ర పట్టలేదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరాంతముననే, చీటీలలో హెచ్చు జీతముగలవారికి హెచ్చు అవకాశము కలుగునట్లు నియమమును మార్చిరి. అప్పుడే చదువు ముగించిన పిల్లవాని జీతము ఏ మెట్టుమీద నుండునో ఊహింపుడు.

ఈ శిక్షణానుమతి మాత్రము స్థిరమైనదా? దీనిని ఆ దేశపు శాసనసభ పేరుపెట్టి యిచ్చిన హక్కుగా చట్టములో వ్రాయలేదు. ప్రభుత్వశాఖ తన నియమములచేత నడపుచున్నది. 2008లో 17 నెలల పొడిగింపును తెచ్చిరి. తెచ్చిన పద్ధతి సరికాదని 2015లో ఒక న్యాయస్థానము దానిని కొట్టివేసెను. 2016లో దానినే 24 నెలలుగా మరల తెచ్చిరి. 2022లో అప్పీలు న్యాయస్థానము ఈ యేర్పాటు చెల్లునని తీర్పు చెప్పెను. 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు తీసికొన నిరాకరించెను. కావున నేటికి అది నిలిచినది. కాని నియమమును వ్రాసిన చేయియే దానిని తిరుగవ్రాయగలదు. 2025 వసంతమున వేలకొలది విదేశీ విద్యార్థుల పేళ్లను ప్రభుత్వపు జాబితానుండి హఠాత్తుగా తొలగించిరి. వ్యాజ్యములు పడిన పిమ్మట ఏప్రిలు చివర మరల చేర్చిరి. ఆ కొలది వారములలో తరగతికి పోవలెనో, గదిలో దాగవలెనో తెలియక మన పిల్లలు పడిన దిగులు ఏ కన్సల్టెన్సీ కరపత్రములోను కనబడదు.

అమెరికా యొక్కటియే యిట్టిదనుకొనరాదు. ఇంగ్లండు చదువు తరువాతి పని అనుమతిని 2012లో ఎత్తివేసెను. 2021లో రెండేండ్ల కాలమునకు మరల తెరచెను. 2027 జనవరి 1 నుండి అర్జీ పెట్టువారికి దానిని 18 నెలలకు తగ్గించుటకు నిశ్చయించెను. కెనడా 2024లో విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించి, ఆ సంవత్సరము నవంబరునుండి పని అనుమతికి భాషాపరీక్షను, పలువురి విషయమున చదివిన శాఖను గూడ షరతు చేసెను. ఆస్ట్రేలియా అదే యేడు పెక్కు తరగతులకు వయఃపరిమితిని 35కు దించెను. ఎవరి తలుపు వారిది. తెరచుటయు మూయుటయు వారి యవసరమును బట్టి జరుగును. ఇందులో వారిని నిందించుటకు నాకు ఏమియు కనబడదు. తన తలుపు తాను మూసికొన్నవానిని తిట్టుటకంటె, ఆ తలుపు ఎల్లకాలము తెరచియుండునని పూచీ పడి సొమ్ము తీసికొన్నవానిని ప్రశ్నించుట న్యాయము.

ఆ తలుపు చరిత్ర మనవారికి క్రొత్తది కాదు. 1917లో అమెరికా చేసిన చట్టము భారతదేశపు వలసవారిని నిషేధించెను. 1923లో అచ్చటి సుప్రీంకోర్టు భారతీయుడు పౌరసత్వమునకు అర్హుడు కాడని తీర్పు చెప్పెను. 1946లో ఏటికి నూరుమందికి మాత్రము త్రోవ విడిచిరి. 1965 చట్టముతో గాని తలుపు నిజముగ తెరువబడలేదు. అట్టి మూసిన తలుపుల కాలముననే, 1920ల తొలినాళ్లలో, మన యెల్లాప్రగడ సుబ్బారావు బోస్టనునకు పోయెను. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయమును ఆయనకు ఆధారములు. అచ్చట ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు మోసెడి రాత్రిపని చేసి పొట్ట పోసికొనెను. ఆయన పోయినది శాస్త్రముకొరకు. పనిచేసినది శాస్త్రము చదువుటకొరకు. మనమో శాస్త్రము చదువుచున్నది పనిచేయుటకొరకు, పనిచేయుచున్నది అప్పు తీర్చుటకొరకు, అప్పు చేసినది పొరుగింటివాని యెదుట తల యెత్తుకొనుటకొరకు.

ఇక అప్పు సంగతి. ఊహకై ఒక లెక్క వేయుదము. ఒక గృహస్థుడు 40 లక్షల రూపాయలు 11 శాతము వడ్డీకి తెచ్చెననుకొందము. ఏటి వడ్డీ 4,40,000. చదువు రెండేండ్లును వడ్డీ కట్టక నిలువ పెట్టినచో చక్రవడ్డీని విడిచిపెట్టినను అప్పు 48,80,000 అగును. దానిమీద నెలకు వడ్డీయే దాదాపు 44,700. డాలర్లలో జీతము వచ్చినంతకాలము ఇది యొక భారము కాదు. ఆ జీతము రాకపోయినచో? పట్టా చేతబట్టుకొని హైదరాబాదునకు తిరిగివచ్చి నెలకు 45,000 సంపాదించిన పిల్లవానికి వడ్డీ పోగా మిగులునది బస్సు ఖర్చు. అసలులో ఒక్క రూపాయియు తరుగదు. అనగా మనము కొన్నది చదువు కాదు. చదువు చేతిలోనే యున్నది గదా! అది ఇచ్చట ఆ అప్పు తీర్చజాలదు. మనము కొన్నది చీటీలపందెములో ఒక చీటీ. ఆ చీటీకి విశ్వవిద్యాలయముద్ర వేయుటచేత పందెము పందెము కాకపోదు.

చిలుకూరు బాలాజీకి మనవారు వీసా బాలాజీ యని పేరు పెట్టిరి. మ్రొక్కునకు 11 ప్రదక్షిణములు. కోరిక తీరినపిమ్మట 108. భక్తిని నేను నిందింపను. కాని దేవుని చుట్టు పదునొకండుమారులు తిరిగిన తండ్రి అప్పుపత్రమును ఒక్కమారైనను తుదిముట్ట చదువడేమి?

ఈ అప్పునకు సిగ్గు తోడైనప్పుడు పుట్టు ఫలమును చూడుడు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేసిరి. అది పేరునకు విశ్వవిద్యాలయము. సొమ్ము పుచ్చుకొని విద్యార్థిహోదా పత్రములు వ్రాసి యిచ్చుటయే దాని వ్యాపారము. అందులో చేరినవారు వేయిమందికి పైబడిరి; వారిలో అధికసంఖ్యాకులు ఆనాటి ఆంధ్రప్రదేశమునుండి పోయినవారు. కొందరి కాళ్లకు రేడియో కడియములు తగిలించిరి. దానిని స్థాపించినయామెకు 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష పడినది. ఎనిమిదేండ్లు గడచినవి. 2019 జనవరిలో మిచిగనులో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అను దాని గుట్టు బయటపడినది. దానిని పెట్టినది దొంగ కాదు. ప్రభుత్వపు అధికారులే వలగా పన్నిరి. అందులో ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. మొదట నిర్బంధింపబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు; వారిలో తెలుగువారు అనేకులు. వారిని అందులో చేర్చినందుకు నేరము మోపబడిన యెనమండుగురిలోను తెలుగు పేళ్లు కనబడినవి.

విద్యార్థులను వలపన్ని పట్టుట ప్రభుత్వమునకు తగునా యను ప్రశ్న న్యాయమైనదే. సొమ్ము పుచ్చుకొని చదువు చెప్పలేదన్న దావా సాగవచ్చునని 2024లో అచ్చటి అప్పీలు న్యాయస్థానమొకటి చెప్పెను కూడ. కాని ఆ ప్రశ్నకు ముందు మనలను మనము అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. తరగతులు లేని కళాశాలలో చదువుకొన్న పిల్లవాడు ఏల చేరెను? తెలివి లేకనా? ఇంజనీరింగు పరీక్షలు గట్టెక్కినవాడు గదా! వారిలో పలువురికి చీటీ తగులలేదు, పర్మిట్టు గడువు ముగియవచ్చినది, అప్పు తీరలేదు. అప్పుడు న్యాయమైన మార్గమొక్కటి కలదు: విమానమెక్కి యింటికి వచ్చుట. ఆ మార్గమును మూసినది అమెరికా కాదు. ఇంటినుండి వచ్చు ఫోను మూసినది. "ఏమి మొగము పెట్టుకొని వచ్చెదవురా? చెల్లెలి పెండ్లి సంబంధము మాటలలో నున్నది, ఇంకొక యేడు ఎట్లో గడుపు" అను మాట మూసినది. దొంగకళాశాలల ద్వారమునకు ప్రహరీ కట్టినది వారు. త్రోవ వేసినది మనము.

పెండ్లి మాట వచ్చినది గనుక దానినికూడ దాటవేయరాదు. 1961 నుండి వరకట్నము నేరము. ఐనను జూబిలీహిల్సు కల్యాణమండపములలో జరుగు పెండ్లిండ్లలో వరుని వెల ఏ మెట్టున నున్నదని యడిగినచో మధ్యవర్తి తడుముకొనక చెప్పును: విద్యార్థివీసావానికి ఇంత, ఓ.పి.టి.వానికి ఇంత, హెచ్ 1 బి వానికి ఇంత, గ్రీన్ కార్డువానికి ఇంత. పరదేశపు ప్రభుత్వము తన యవసరమునకు అచ్చువేసిన కార్డుల వరుసయే మన పెండ్లిసంతలో ధరలపట్టీ యైనది. గురజాడవారు 1897లో ‘కన్యాశుల్కము’ను అచ్చువేసినప్పుడు ఆడుపిల్లను అమ్ముకొనుట దేశమునకు సిగ్గుచేటయ్యెను. నేడు మగపిల్లవానిని, వానికింకను చేతికి రాని పర్మిట్టును కలిపి అమ్ముచున్నాము. కొన్నవారు మోసపోయితిమని యేడ్చుచున్నారు. ఉద్యోగము పోయిన మరునాడు ఆ కొడుకు భార్యకు మొగము చూపలేక, మామకు ఫోనెత్తలేక, తండ్రికి నిజము చెప్పలేక యుండుట ఆశ్చర్యమా?

ఫిల్మ్‌నగరునకును ఇందులో పాలు కలదు. మన చిత్రములకు అమెరికా వట్టి చిత్రీకరణస్థలము కాదు, సంత కూడ. 2017లో ‘బాహుబలి’ రెండవభాగము ఉత్తర అమెరికాలో రెండుకోట్ల డాలర్లకు పైగా వసూలు చేసెను. ఇచ్చట విడుదలకు ముందునాటి రాత్రియే అచ్చట హెచ్చువెల టిక్కెట్టు కొని ఆట చూచి కేకలు వేయువారిలో మన విద్యార్థులు ఎందరు లేరు! పెట్రోలుబంకులో రాత్రి నిలువుకాళ్ల పనిచేసిన పిల్లవాని డాలరుకూడ ఆ వసూళ్లలో నున్నది. ఆ డాలరు పుచ్చుకొన్న పరిశ్రమ వాని బ్రతుకును ఎన్నిమారులు తెరపై చూపినది? 1987లో జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలోని తెలుగు కుటుంబమును చూపెను. 2000లో శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ అను చిత్రమున అమెరికా పోవు మోహమునే కథావస్తువుగ గైకొనెను. ఇట్టివి లేకపోలేదు. కాని సాధారణముగ మన తెరమీది అమెరికా తెలుగువానికి పొడవైన కారు కలదు, గాజుమేడ కలదు. వీసా గడువు మాత్రము లేదు. 90 దినములు లెక్కబెట్టుకొనుచు గోడమీది క్యాలెండరు చూచెడి నాయకుని ఏ రచయిత వ్రాసెను? కథ లేదని ఫిల్మ్‌నగరులో తలలు పట్టుకొనువారికి ఇంతకంటె కథ యేమి కావలెను?

ఈ కొండక్రిందనే కృష్ణానగరు కలదు. సినిమాలో వేషము దొరకునని ఊరు విడిచి వచ్చిన పడుచువారు అచ్చట చిన్న గదులలో నలుగురైదుగురు కూడి కాపురముండి, ప్రొద్దున్నే వేషములకై ఎదురుచూతురు. వారిని చూచి జూబిలీహిల్సు గృహస్థుడు "అయ్యో, బంగారమువంటి వయసును జూదమున పెట్టుచున్నారే" యని జాలిపడును. ఆయన కుమారుడు డల్లాసులో చిన్న యింట నలుగురైదుగురితో కూడి, ప్రొద్దున్నే ఉద్యోగమునకై కంప్యూటరు తెరచి యెదురుచూచుచున్నాడు. ఒకటి పిచ్చి, ఒకటి పురోభివృద్ధి యెట్లయ్యెనో నాకు తెలియదు. కృష్ణానగరు వానికి ఒక మేలు మాత్రము కలదు. వేషము దొరకనినాడు బస్సెక్కి ఊరికి పోయినచో ఊరు నవ్వును గాని రైలు పట్టాలమీదికి తరుమదు, అప్పువాడు వెంటబడడు.

కార్డు లేనిదే పని లేదను నియమము సినిమాశాఖలలో గూడ కలదు. కాని ఆ కార్డునకును ఈ కార్డునకును హస్తిమశకాంతరము. 2025 ఆగస్టులో తెలుగు చలనచిత్ర కార్మికులు 30 శాతము వేతనము పెంచుమని కోరుచు సమ్మె చేసిరి. రెండువారములకు పైగా షూటింగులు నిలిచిపోయినవి. తుదకు మూడేండ్లలో 22.5 శాతము పెంచుటకు నిర్మాతలు అంగీకరించిరి. లైటు మోసెడి కార్మికుడు పని మానుకొని, బేరమాడి, మరల పనిలో చేరగలిగెను. పై పట్టా పొందిన మన యింజనీరు ఓ.పి.టి.లో నుండి అట్లు చేయగలడా? అన్యాయమునకు లోబడక పని విడిచిన మరునాటినుండి వాని దినములు లెక్కింపబడును. అందుచేతనే జీతము లేక పేరుమాత్రము జాబితాలో వ్రాయించుకొనుటకు సిద్ధపడువారును, లేని యనుభవమును పత్రములో వ్రాసియిచ్చు సంస్థలును బయలుదేరుచున్నవి. భయపడినవాని చుట్టు దొంగలు చేరుట లోకసహజము.

ఇంతమాత్రమున నన్ను కూపస్థమండూకమనువారు కలరు. వారి యాక్షేపణలకు సమాధానము చెప్పవలెను. మొదటిది: ఇచ్చట ఉద్యోగములు లేవు, పిల్లలు పోక ఏమి చేయుదురు? నిజము. పోవలదని నేననలేదు. ఉద్యోగములు లేని దేశమునుండి పోవువాడు, ఉద్యోగము దొరకక తిరిగివచ్చుటకు గూడ సిద్ధపడి పోవలెననుచున్నాను. తిరిగివచ్చిన దినమున కూలిపోవునంత అప్పు చేసి పోరాదనుచున్నాను. రెండవది: పోయినవారిలో పలువురు బాగుపడలేదా? పడిరి. వారు పంపిన ధనముతో పల్లెలలో బడులు లేచినవి. కాని గెలిచినవారిని మాత్రము లెక్కించి పందెము మంచిదనుట ఏ తర్కము? ఓడినవారు సభలకు రారు, శాలువలు కప్పించుకొనరు. గనుక మన లెక్కలో లేరు. మూడవది: సాహసము లేనిదే లక్ష్మి లేదు. సాహసము చేయువాడు తన సొత్తును, తన శరీరమును ఒడ్డవలెను. తండ్రి పొలమును, చెల్లెలి పెండ్లిని, తల్లి మందులను ఒడ్డుట సాహసము కాదు.

మరియొక మాట. ఈ కొండమీద మేడలున్నవారు ఒక కొడుకు పందెమోడినను బ్రతుకుదురు. వారికి అది వేసవి ముచ్చట వంటిది. కాని పెద్దలు నడచిన త్రోవనే లోకము నడచును. జూబిలీహిల్సులో వేడుకయైనది ఖమ్మములో, గుంటూరులో, కరీంనగరులో కట్టుబాటగును. అచ్చటి రెండెకరముల రైతు ఈ కొండను చూచి సంతకము పెట్టుచున్నాడు. 2023-24 విద్యాసంవత్సరములో అమెరికాలో నున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది; వారిలో 97,556 మంది ఈ శిక్షణానుమతిమీద నున్నవారు. ఈ అంకెల వెనుక నున్న ఇండ్లన్నియు మేడలు కావు.

అట్లైన చేయవలసినదేమి? నాకు తోచినవి నాలుగు. మొదటిది, పిల్లవానిని పంపు ముందు ప్రతి గృహస్థుడును పర్మిట్టును లెక్కనుండి తీసివేసి చూడవలెను. ఆ చదువు, ఆ కళాశాల, ఆ పట్టా పర్మిట్టు లేకున్నను ఇంత ధనమునకు తగునా? తగును అన్నచో పంపవచ్చును. తగదన్నచో ఆయన కొనుచున్నది చదువు కాదని గ్రహింపవలెను. రెండవది, కన్సల్టెన్సీవారిని ఒక్కప్రశ్న వ్రాతమూలముగ అడుగవలెను: "మావానిని చేర్చినందుకు ఆ కళాశాల మీకెంత ఇచ్చును?" వధువు పక్షమున మాటలాడుచు వరుని చేతి సొమ్ము తీసికొను పేరయ్యను మనమెరుగుదుము. విదేశోద్యోగములకు పంపు ఏజంట్లు ప్రభుత్వమునొద్ద నమోదు కావలెనని 1983 నాటి ఎమిగ్రేషను చట్టము నియమించినది. పంజాబు రాష్ట్రము 2012లో విద్యార్థులను పంపు కన్సల్టెన్సీలకు గూడ లైసెన్సు నిర్బంధము చేసినది. ట్రైవ్యాలీ, ఫార్మింగ్టను దెబ్బలు తిన్న తెలుగు రాష్ట్రములకు గట్టి నియమముల యవసరము పంజాబునకంటె తక్కువ కాదు.

మూడవది, పెండ్లి మాటలలో వీసా పేరు ఎత్తినవారిని ఆ గడపనుండియే మర్యాదగా సాగనంపవలెను. ఇది చట్టము చేయజాలదు, తల్లులు చేయవలెను. ఆడుపిల్లల తలిదండ్రులు "అబ్బాయి కార్డేమి?" అని కాక "అబ్బాయికి ఏ పని చేతనగును? అప్పెంత యున్నది?" అని యడుగుట నేర్చినచో సంత సగము చల్లబడును.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము, అన్నిటికంటె చౌక. తిరిగివచ్చినవానిని ఆదరింపుడు. విమానాశ్రయమునుండి చీకటిపడిన పిమ్మట గాని యింటికి తీసికొనిరాని తండ్రులు కలరు. బంధువులు "ఎప్పుడు తిరిగి పోయెదవు?" అని మొదటిప్రశ్నగ అడుగుదురేమో యని ఆరునెలలు గడప దాటని పిల్లలు కలరు. వాడు దొంగతనము చేయలేదు. ఒక దేశము చీటీ వేసినది. వాని పేరు రాలేదు. వాడు తెచ్చిన విద్య వానివద్దనే యున్నది. ఆ విద్యను ఇచ్చట వినియోగించుకొనలేకపోవుట మన చేతకానితనము గాని వాని నేరము కాదు.

మన సంస్కర్తలు ఒకప్పుడు వెలిపడినవాని పంక్తిని కూర్చుండి భోజనము చేసిరి. అది పెద్ద యుపన్యాసముకంటె గొప్ప పనిచేసినది. ఊరు చూచినది, భయము తగ్గినది, ఆచారము సడలినది. నేడును చేయవలసినది అంతియే. మీ వీధిలో అట్లు తిరిగివచ్చి తలుపు వేసికొన్న పిల్లవాడెవడైన నున్నచో వానిని మీ యింట పండుగకు పిలువుడు, నలుగురు బంధువులున్నప్పుడే పిలువుడు, "ఏమి చదివితివి నాయనా?" అని అడుగుడు. ఎప్పుడు పోయెదవని మాత్రము అడుగకుడు.